లోవరాజు సమ్మెట

లోవరాజుకి ఆ పొద్దున చేతులు పైకి లేవలేదు.

సమ్మెట అందుకున్నాడు, భుజం దాకా ఎత్తాడు, అక్కడితో సరి. చెయ్యి మొరాయించింది. దించి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తబోయాడు. ఈసారి నడుం మొరాయించింది. సమ్మెట నేల మీద ఆన్చి, పిడి మీద గడ్డం పెట్టుకుని, గోదారి వంక చూస్తూ నిలబడ్డాడు. గోదారికి మాత్రం అలుపా సొలుపా! వరద తీసినా ఎర్రెర్రగా సుడులు తిరుగుతూ, గట్టు అడుగున రాసుకుంటూ పోతూనే ఉంది.

ఎక్కడో ధబ్‌మని గట్టు విరిగి పడింది. లోవరాజు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. సమాధి ఉంది. పొద్దున్న తను వేసిన బంతిపూల దండ దాని మీద అలాగే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు గానీ, ఆ హమ్మయ్య అనుకునే ఓపిక కూడా ఇక మిగల్లేదు.

వరద వచ్చేటప్పుడు గోదారి పొలాలు ముంచుతుంది, తీసేటప్పుడు గట్లు తింటుంది. లంకల్లో పుట్టినవాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అన్నాళ్ళూ నీళ్ళలో నానిన మన్ను, ఆ నీటి ఆసరా పోగానే పెళ్ళలు పెళ్ళలుగా జారిపోతుంది. ఆ ధబ్‌మన్న చప్పుడు ఆశ్వయుజం పొడుగునా వినిపిస్తూనే ఉంటుంది. విన్నప్పుడల్లా లోవరాజు తిండి దగ్గరున్నా నిద్రలో ఉన్నా దిగ్గున లేచి పరిగెత్తేవాడు.

ఆ సమాధి పేరయ్య గారిది. పేరయ్య గారంటే ఆ లంకలో ఆశ్రమం పెట్టి అచల బోధ చెప్పిన గురువు. ఆశ్రమం అంటే ఏదో పెద్దది అనుకునేరు. రెండు తాటాకు పాకలు, ఒక బావి, ఒక బంతి మడి, అంతే. ఆయన్ని సమాధి చేసిన నాడు గోదారి ఎక్కడో ఉండేది. రేవుకి వెళ్ళాలంటే అరటితోట దాటి, పొగాకు చేను దాటి, కాళ్ళు కాలే ఇసుక తిన్నె దాటి వెళ్ళాలి. ముందు తిన్నె పోయింది. తర్వాత పొగాకు చేను పోయింది. నిరుడు అరటితోట గెలలతో సహా పోయింది. ఇప్పుడు సమాధికీ గట్టుకీ మధ్య ఒక మంచం వాల్చేంత జాగా మిగిలింది.

పోతే పోయింది, ఇటుకలూ సున్నమూ అనుకోవచ్చు ఎవరైనా. లోవరాజు అలా అనుకోలేడు.

అతని పెళ్ళాం తొలికాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. ఆ దుఃఖంలో ఏ దారి పట్టి నడిచాడో, ఈ లంక కొసకి వచ్చి, గోదాట్లో దూకేద్దామని నిలబడ్డాడు. పక్కనే ఒక ముసలాయన పడవ ఒడ్డుకి లాగలేక అవస్థ పడుతున్నాడు. ఆయన ఇటు చూసి, "దూకుదువు గానీ, కాస్త ఈ పడవకి ఒక చెయ్యి వేసి దూకు నాయనా" అన్నాడు. లోవరాజు చెయ్యి వేశాడు. పడవ ఒడ్డెక్కింది. ఆయాసం తీరాక ముసలాయన పాకలోకి తీసుకెళ్ళి గంజి పోశాడు. అదీ సంగతి. ఆ తర్వాత లోవరాజు దూకనూ లేదు, ఆ లంక వదలనూ లేదు.

ఆ పేరయ్య గారు ఇతని ఒళ్ళోనే కన్ను మూశారు. గుంట తవ్విందీ ఇతనే, ఆయన్ని కూర్చోబెట్టి చుట్టూ మన్ను సర్దిందీ ఇతనే. "మిమ్మల్ని ఒంటరిగా వదలనయ్యా" అని ఆ గుంట దగ్గర ఏడుస్తూ మాటిచ్చాడు. అడిగినవాడు ఎవడూ లేడు, అయినా ఇచ్చాడు.

ఇక చూడండి, గోదారి ఇటు జరగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఇతనికీ దానికీ పంతం. తాటిమొద్దులు తెచ్చి గట్టు వెంట సమ్మెటతో దిగ్గొట్టేవాడు. మొద్దుల సందుల్లో కంప కుక్కేవాడు. కంప మీద మన్ను పోసేవాడు. మొదట్లో తోటి శిష్యులూ సాయం పట్టారు. తర్వాత ఒకరికి కోతలొచ్చాయి, ఒకరికి నడుం నొప్పి వచ్చింది, ఇంకొకరికి అల్లుడొచ్చాడు. చివరికి లోవరాజు ఒక్కడే మిగిలాడు. పడవ మీద అటుగా వెళ్ళే బుల్లియ్య అనే రైతు, "ఏం లోవరాజూ, గోదారికి గొళ్ళెం పెడుతున్నావా?" అని కేకేసి నవ్వుకుంటూ పోయేవాడు. మొదట్లో ఇతనూ నవ్వేవాడు.

ఆ బంతిపూల సంగతి కూడా చెప్పాలి. పేరయ్య గారు ఎక్కడి నుంచో విత్తు తెచ్చి వేసిన రెక్క బంతి అది. పసుపు రేకు చుట్టూ సన్నగా రక్తచందనం రంగు అంచు ఉంటుంది. చుట్టుపక్కల ఏ లంకలో వెతికినా ఆ అంచు ఉన్న బంతి కనిపించదు. రోజూ దండ కట్టి సమాధికి వెయ్యడం, వాడిన దండ తీసి గట్టు వైపున కుప్ప పొయ్యడం లోవరాజు పని. వాడిన పూలని నీళ్ళలో పారెయ్యడానికి అతనికి మనసొప్పేది కాదు. ఏటా గట్టు విరిగినప్పుడు ఆ కుప్ప కూడా దాంతోపాటే పోయేది. "ఎండుపూలు కూడా వదలవా తల్లీ, అంత కరువా నీకు!" అని గోదారిని తిట్టుకుని, మళ్ళీ కొత్త కుప్ప మొదలుపెట్టేవాడు.

ఆ పొద్దున, సమ్మెట లేవని ఆ పొద్దున, అతను తిన్నగా అచ్చియమ్మ గారి పాక దగ్గరికి వెళ్ళాడు.

పేరయ్య గారి తర్వాత ఆ గద్దె మీద కూర్చున్న గురువు ఆవిడ. గద్దె అన్నది మాటవరసకి. ఆవిడ ఎప్పుడూ నేల మీదే కూర్చుంటుంది. అప్పుడు గోంగూర కట్ట ముందేసుకుని ఆకు తుంచుతోంది. ముసలి ప్రాణం, కళ్ళ కింద నల్లటి చారలు, చూస్తే ఆవిడా అలిసినట్టే ఉంది. ఇన్నేళ్ళలో గట్టు వైపు వచ్చి కొట్టమనీ అనలేదు, మానమనీ అనలేదు. లోవరాజుకి లోపల్లోపల ఆవిడ మీద ఉన్న కోపం అదే.

"అమ్మగారూ, ఒక్క మాట చెప్పండి. నన్ను కొట్టమంటారా, మానమంటారా?"

"మానమంటే మానతావా?"

లోవరాజు తల దించుకున్నాడు. "మానలేనండి."

"కొట్టమంటే?"

"కొట్టలేనండి" అన్నాడు, అనేసి అక్కడే కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. "అయ్యగారు నన్ను బతికించారు. ఆయన్ని నేను నీళ్ళపాలు చేస్తున్నానమ్మా. అలిసిపోయాను. అలిసిపోయానని చెప్పుకోడానికి నాకు సిగ్గుగా ఉంది."

అచ్చియమ్మ గారు ఓదార్చలేదు. ఏడుపు దానంతట అది తగ్గేదాకా ఆకు తుంచుతూనే ఉంది. తర్వాత కాడలు పక్కకి ఊడ్చి, చీర దులుపుకుని లేచింది.

"పడవ తియ్యి" అంది.

"ఎక్కడికండీ?"

"కింద కొత్త లంక లేచిందట కదా. దోసకాయలేమైనా ఉంటాయేమో చూద్దాం."

లోవరాజుకి ఒళ్ళు మండింది. గురువు గారి సమాధి ఇవాళో రేపో అన్నట్టుంటే ఈవిడకి దోసకాయలు కావలసొచ్చాయా! కానీ ఎదురు చెప్పడం అలవాటు లేదు. పడవ తీశాడు. సమ్మెట మాత్రం వదల్లేదు, తెచ్చి పడవలో పడేశాడు. ఆవిడ దాన్ని చూసి, కాళ్ళు కాస్త ముడుచుకుని చోటిచ్చింది. చేతిలో ఒక ఇత్తడి చెంబు పట్టుకుంది.

పడవ ఒడ్డు వదిలి నాలుగు బారలు లోపలికి వెళ్ళాక లోవరాజు వెనక్కి తిరిగి చూశాడు.

ఇన్నేళ్ళూ ఆ గట్టు మీద నిలబడి గోదారిని చూశాడే గానీ, గోదాట్లోంచి గట్టుని ఎన్నడూ చూడలేదు. పైన గట్టిగా కనిపించే నేల కింద అంతా గుల్ల. నీళ్ళు తొలిచి తొలిచి పాకంత గుహ చేసి పెట్టాయి. సమాధి ఆ గుహ కప్పు మీద కూర్చుని ఉంది. తను దిగ్గొట్టిన తాటిమొద్దుల కాళ్ళ చుట్టూ నీరు గింగిరాలు తిరుగుతూ, మొద్దు లేనిచోటి కంటే ఎక్కువ లోతుగా కోస్తోంది. ప్రతి మొద్దు తల దగ్గర్నుంచీ పైన నేల నెర్రెలు విచ్చి ఉంది. ఆ నెర్రెలు ఎలా వచ్చాయో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. సమ్మెట కాళ్ళ దగ్గరే ఉంది.

"అమ్మగారూ, ఇది... మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఒక్క మాట అనకపోతిరే!"

"అంటే వినే ఓపిక నీకుందా అప్పుడు?" అంది ఆవిడ, మెల్లగానే. "చేతినిండా బలం ఉండేది కదరా."

లోవరాజు ముందుకి తిరిగాడు. తెడ్డు వేస్తూ కూర్చున్నాడు. అచ్చియమ్మ గారు పక్కకి వంగి చెంబుతో గోదారి నీళ్ళు ముంచి, ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళు ఎర్రగా, అడుగు కనపడకుండా ఉన్నాయి. తెడ్డు పడ్డప్పుడల్లా పడవ ఊగేది, చెంబులో నీళ్ళూ గిరగిరా తిరిగేవి. ఆవిడ ఆ చెంబులోకే చూస్తూ కూర్చుంది. తాగుతుందా అంటే తాగలేదు, పారబోస్తుందా అంటే పారబొయ్యలేదు. ముసలితనం, ఏం చేస్తుందో ఆవిడకే తెలియాలి అనుకున్నాడు లోవరాజు.

దారి పొడుగునా ఎడమ గట్టు విరుగుతూనే ఉంది. వేళ్ళు బయటపడ్డ తుమ్మచెట్లు నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. ఎవరిదో పశువుల పాక సగం గట్టు మీద, సగం గాలిలో ఉంది. గుంజలు పీక్కుపోతున్న ఆసామి వీళ్ళని చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. అచ్చియమ్మ గారు ఒక చేత్తో చెంబు పట్టుకునే రెండో చెయ్యి ఎత్తింది.

మలుపు తిరిగాక గోదారి వెడల్పైంది. పరుగు తగ్గింది. సుడులు లేవు, చప్పుడు లేదు. రెండు గట్లూ దూరం జరిగిపోయి, నీరు ఎటు పోవాలో తోచనట్టు నింపాదిగా పరుచుకుంది. లోవరాజు తెడ్డు ఆపేశాడు. ఆపడమేమిటి, చెయ్యే ఆగిపోయింది. పడవ దానంతట అది తేలుకుంటూ పోయి, మెత్తగా ఇసుకలో ఆగింది.

అదే కొత్త లంక. దానికింకా పేరు లేదు. ఎవరూ దున్నలేదు, పాక వెయ్యలేదు. అంచున తడి ఇసుక, ఆపైన అరికాలు దిగబడే నల్లటి ఒండ్రు, మధ్యలో మొన్నటి వరదకి కూడా మునగని కాస్త మెరక. మెరక నిండా రెల్లు తెల్లగా పూసి ఉంది. ఆవిడ దిగి, చెంబుని రెల్లు నీడలో పెట్టి, పక్కనే చతికిలబడింది.

"దోసకాయలు వెతకరా."

లోవరాజు వెతికాడు. దోసకాయలూ లేవు, పాడూ లేదు. విసుగ్గా రెల్లు పాయలు తీసుకుంటూ మెరక అవతలి వాలు దాకా వెళ్ళి, అక్కడ టక్కున ఆగాడు.

రెల్లు మొదళ్ళలో బంతి మొక్కలున్నాయి. ఒకటీ రెండూ కాదు. నీటి గీత పొడుగునా, ఎవరో చేత్తో చల్లినట్టు, వరదకి కొట్టుకొచ్చిన పుల్లా పుడకల మధ్యలోంచి గుబురు గుబురుగా లేచి పూసి ఉన్నాయి. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఒక పువ్వు తిప్పి చూశాడు. పసుపు రేకు, దాని చుట్టూ సన్నటి రక్తచందనం రంగు అంచు.

ఆ ఒక్క పువ్వే తుంచుకుని వెనక్కి వచ్చాడు.

"ఇక్కడ బంతి ఎవరు వేశారమ్మా?"

అచ్చియమ్మ గారు పువ్వు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వే కదరా" అంది.

అతను ఏదో అనబోయాడు. అంతలో ఎగువ నుంచి చప్పుడు వచ్చింది. ఇన్నాళ్ళూ విన్న ధబ్ లాంటిది కాదు. నీళ్ళ మీద దొర్లుకుంటూ వచ్చింది, చాలాసేపు. ఏ గట్టు విరిగిందో చప్పుడుని బట్టి చెప్పగల చెవి అతనిది. ఒక్క ఉదుటున పడవ దగ్గరికి ఉరికి సమ్మెట అందుకున్నాడు.

"ఎక్కడికి?" అంది ఆవిడ.

ఎక్కడికో అతనికీ తెలియదు. సమ్మెట భుజాన వేసుకుని నీటి అంచున నిలబడ్డాడు. ఎగువకి తెడ్డు వెయ్యాలంటే సాయంత్రమవుతుంది. వెళ్ళి చేసేదేముంది! అయినా కాళ్ళు వెనక్కి రావడం లేదు. అయ్యగారూ అయ్యగారూ అని పెదాలు వాటంతటవే అనుకుంటున్నాయి.

చాలాసేపటికి మలుపు దగ్గర నీళ్ళ మీద పసుపుపచ్చగా ఏదో కనిపించింది. సుడుల్లో మునుగుతూ తేలుతూ వచ్చి, వెడల్పులోకి రాగానే నెమ్మదించింది. పొద్దున అతను కట్టిన దండే. సగం తెగి ఉంది. దాని చుట్టూ ఎండుపూలు గుంపుగా తేలి వస్తున్నాయి. లోవరాజు నీళ్ళలో దిగి అందుకోబోయాడు.

"ఉండు" అంది వెనక నుంచి అచ్చియమ్మ గారు.

ఉన్నాడు. దండ కాసేపు అటూ ఇటూ ఊగిసలాడింది. తర్వాత దానంతట అదే ఒడ్డుకి వచ్చి, అతని పాదాల పక్కన ఒండ్రు మీద ఆగింది. ఎండుపూలు ఒక్కొక్కటే వెనకాల వచ్చి చేరాయి.

ఆవిడ రెల్లు నీడలోంచి చెంబు తెచ్చి అతని ముందు పట్టుకుంది. లోవరాజు అందులోకి చూశాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, ఆవిడ వేళ్ళ నీడ కూడా కనిపించేంత తేటగా. అడుగున మెత్తటి మన్ను పేరుకుని ఉంది.

"ఇది ఎప్పుడు తేరుకుందమ్మా?"

"పడవ ఆగాక."

లోవరాజు చెంబు తీసుకుని పైనీళ్ళు తాగాడు. పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అడుగున మిగిలిన మన్ను వేలితో తీసి, ఏం చెయ్యాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని, దండ పక్కన నేలకి రాశాడు. నేలకీ దానికీ తేడా కనిపించలేదు. భుజం మీది సమ్మెట దించాడు. అది ఒండ్రులో పిడి దాకా దిగబడిపోయింది. పైకి లాగబోయి, చెయ్యి లేవక వదిలేశాడు.

"అలిసిపోయానమ్మా" అన్నాడు. ఈసారి ఏడవలేదు.

"పడుకో నాయనా" అంది అచ్చియమ్మ గారు. "గోదారి కూడా ఇక్కడికొచ్చే అలిసింది."

లోవరాజు రెల్లు నీడలో, ఆ కొత్త నేల మీద ఒళ్ళు వాల్చాడు. మన్ను చల్లగా ఉంది. ఆవిడ కొంగుతో అతని మొహం మీద వాలే ఈగల్ని తోలుతూ కూర్చుంది.

ఎగువన ఎక్కడో మళ్ళీ ధబ్‌మంది. అతను లేవలేదు.